మేనత్త ఇంటి రేకులు

సావనీరుకు ఏదైనా ఒకటి వ్రాసి పంపమని విద్యార్థి సంఘం తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు మొదట తప్పించుకోవాలనే చూశాను. చదువుకునే రోజుల్లో ప్రతి ఏడూ సంచికకు ఒక కవిత ఇచ్చేవాడిని. ఒక్కటీ అచ్చుకు నోచుకోలేదు. ఆ కవితలు చదివి ఉంటే మీరూ వేసేవారు కాదు. ఆ సంగతే చెబితే అవతలి తమ్ముడు నవ్వి, “కవితలు కావలసినన్ని వచ్చినాయన్నా. మీరు చేసే పని గురించి రాయండి” అన్నాడు.

నేను చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే, ఇనుప రేకుకు జింకు పూత పూయించడం. ఇంకాస్త వివరంగా చెప్పాలంటే, ఆ పూత ఎంత ఉండాలో అంతే ఉండేటట్టు చూడడం. దీని మీద నాలుగు పేజీలు ఎవరు చదువుతారన్న సందేహం నాకూ ఉంది. అయితే ఈ పని నాకు పాఠ్యపుస్తకం నుంచి మొదలు కాలేదు, మా మేనత్త ఇంటి కప్పు నుంచి మొదలైంది. కనుక అక్కడి నుంచే చెబుతాను.

మాది జమ్మలమడుగు వైపు పల్లె. మా మేనత్తను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. మన సీమలో పాత ఇళ్ళన్నీ మట్టి మిద్దెలే కదా. దూలాలు, దంతెలు, వాటి మీద కంప, ఆ పైన చౌడు. ఎండాకాలంలో ఆ ఇంట్లో ఉన్న చల్లదనం ఇప్పటి ఏ ఇంట్లోనూ లేదు. కానీ ఏటేటా చౌడు వెయ్యకపోతే కారుతుంది. మామ పోయిన తరువాత చౌడు తోలేవాళ్ళు లేక, ఒక వానాకాలం రాత్రి ఆ మిద్దె వంటింటి వైపు కూలింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. 2006లో మేనత్త తన రెండు ఎనుముల్లో ఒకటి అమ్మి, కూలినంత మేరా జింకు రేకులు వేయించుకుంది. అంగడాయన “పక్కా 275 సరుకమ్మా, ఇరవై ఏండ్లు సూడబల్లేదు” అన్నాడట. 275 అంటే ఏమిటో ఆమెకు తెలియదు. పెద్ద అంకె కాబట్టి మంచిదే అయి ఉంటుందనుకుంది.

రేకులు పరిచిన నాడు నేను అక్కడే ఉన్నాను. కొత్త రేకు మీద జింకు గడ్డకట్టేటప్పుడు పువ్వుల్లాంటి మచ్చలు ఏర్పడతాయి, మీరు చూసే ఉంటారు. ఎండలో ఆ మెరుపు చూసి మేనత్త, “యెండి మిద్దె కట్టుకున్నట్టుండాది రా అబ్బీ” అని మురిసిపోయింది.

ఏడో ఏట, అంటే 2013లో, ఆ వెండి ఎర్రబడింది. పొయ్యి పొగ తగిలేచోట, పశువుల కొట్టం వైపు మొదట మరకలు కనబడ్డాయి. తరువాత సూది బెజ్జాలు పడ్డాయి. మధ్యాహ్నం పూట ఆ బెజ్జాల గుండా ఎండ దిగి నేల మీద రూపాయి బిళ్ళల మాదిరి పడేది. వాన వస్తే ఆ బిళ్ళలున్నచోటల్లా గిన్నెలు పెట్టేది మేనత్త. నేనప్పుడు ప్రొద్దుటూరులో మెటలర్జీ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెలవులకు పోయినప్పుడు ఆమె నన్ను ఆ బెజ్జాల కింద నిలబెట్టి, “నువ్వు ఇనుము సదువే గదా సదువుతాండేది. ఇదేందో సెప్పు” అంది.

నేను పుస్తకంలో ఉన్నది అప్పజెప్పాను. జింకు ఇనుము కంటే ముందుగా గాలికీ తేమకూ లొంగుతుందనీ, తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుందనీ, అందుకే రేకు కోసిన అంచు కూడా వెంటనే తుప్పు పట్టదనీ, జింకు అయిపోయిన నాడు ఇనుము వంతు వస్తుందనీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “కరగనీలే. ఏడేండ్లకే కరగాల్నా?” అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మన ప్రాంతం తడి ప్రాంతం కాదు. సముద్రపు ఉప్పుగాలి లేదు. ఇట్లాంటి పొడిగాలిలో జింకు ఏడాదికి ఒక మైక్రాన్ కూడా అరగదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వంటింటి పొగ, పశువుల మూత్రపు ఘాటు కాస్త ఎక్కువ తినవచ్చు. అయినా నిజంగా 275 సరుకైతే ఇంత తొందరగా పోకూడదు. చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు ఉండడమే ఆ అంకెకు అర్థం. జింకు సాంద్రత 7.14. లెక్క వేస్తే ఒక్కొక్క వైపు సుమారు 19 మైక్రాన్లు వస్తుంది. మన తలవెంట్రుక మందంలో నాలుగో వంతు అనుకోండి. ఇంటిని కాపాడేది అంతే.

రేకులు వేసిన నాడు కోయగా మిగిలిన ముక్క ఒకటి మేనత్త అటక మీద దాచిపెట్టింది. ఆమె దేన్నీ పారేయదు. ఎండా వానా తగలని ఆ ముక్క కొత్తదానిలాగానే ఉంది. దాన్ని కాగితంలో చుట్టుకొని ప్రొద్దుటూరుకు వచ్చాను.

ప్రొద్దుటూరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. బంగారం వ్యాపారానికి రెండో బొంబాయి అని పేరు. మా మేనమామ అక్కడ ఒక బంగారు అంగట్లో తూకం దగ్గర కూర్చునేవాడు. కాలేజీ ల్యాబులోనూ మంచి త్రాసు ఉంది కానీ, మేనత్తకు నమ్మకం కుదరాలంటే అది మామ త్రాసులోనే తూగాలి. ముక్కను సరిగ్గా అయిదు సెంటీమీటర్ల చదరంగా కోసి, స్పిరిటుతో తుడిచి మామ ముందు పెట్టాను. ఆయన అద్దాల పెట్టెలోని త్రాసులో పెట్టి చూసి, చీటీ మీద 9.842 అని వ్రాసి ఇచ్చాడు.

ల్యాబులో మా లెక్చరరుగారి ఎదుటే దాన్ని హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేశాము. ఆసిడ్ జింకును తిని ఇనుమును వదిలేయడానికి అందులో కొంచెం ఆంటిమొని క్లోరైడు కలుపుతారు. జింకు ఉన్నంతసేపూ సోడాలో మాదిరి బుడగలు పొంగుతాయి. బుడగలు ఆగాయంటే జింకు అయిపోయినట్టు. తీసి, కడిగి, ఆరబెట్టి సాయంకాలం మళ్ళీ మామ దగ్గరికి పోయాను. ఈసారి 9.641. తేడా 0.201 గ్రాము. అయిదు సెంటీమీటర్ల చదరాలు ఒక చదరపు మీటరులో నాలుగు వందలుంటాయి. కనుక 0.201ని 400తో హెచ్చిస్తే 80.

275 అని అమ్మినది 80! ఒక్కొక్క వైపు ఆరు మైక్రాన్లు కూడా లేదు. ఏడేళ్ళకు పోయిందంటే ఏడాదికి 0.8 మైక్రాన్ చొప్పున అరిగింది. అదే అరుగుదల మీద నిజమైన 275 ఇరవై నాలుగేళ్ళు ఉండేది. అంగడాయన చెప్పిన మాట అబద్ధం కాదు, ఇచ్చిన సరుకే అబద్ధం.

మామ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. “బంగారంలో రాగి కలిపితే గీటురాయి సెప్తాది. రేకుకు గీటురాయి యాడుందిరా? కొనుక్కునేవాళ్ళు యేం జేస్తారు, పాపం” అన్నాడు. జీవితమంతా మిల్లీగ్రాముల లెక్కలో గడిపినవాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు సిగ్గేసింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మరుసటి సంవత్సరం నాకు ఉద్యోగం వచ్చింది. ఇనుము చదివినవాడికి సొంత ఊరి దగ్గరే పని దొరుకుతుందన్న ఆశ మా తరానికి బాగా ఉండేది. జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక శంకుస్థాపన జరిగింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోనూ కడప ఉక్కు ఊసు వచ్చింది. 2018లో కంబాలదిన్నె దగ్గర, 2019లో సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపనలు, 2023లో మళ్ళీ సున్నపురాళ్లపల్లెలోనే భూమిపూజ జరిగాయి. ఈ శిలాఫలకాల నడుమనే మా చదువులు పూర్తయ్యాయి. విశాఖ ఉక్కు ఉందంటే, అక్కడ చేసేవి కడ్డీలు, తీగచుట్టలు, దూలాల వంటివి, రేకులు కావు. కనుక నేను 2014లో జిల్లా దాటి, రేకులు చేసే ఒక కార్ఖానాకు పోయాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు.

కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతికి 1837లో ఫ్రాన్సులో సొరెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. చాలా కాలం రేకులను ఒక్కొక్కటిగా ముంచి తీసేవారు, మనం బజ్జీలు వేసినట్టు. 1930లలో పోలండు దేశస్థుడు సెంజిమిర్ దీన్ని ఆగని ప్రవాహంగా మార్చాడు. ఒక కాయిల్ కొసకు ఇంకొక కాయిల్ మొదలును వెల్డింగు చేసుకుంటూ పోతే, కిలోమీటర్ల కొద్దీ రేకు కొలిమిలో కాలి, సుమారు 460 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింకు తొట్టిలో మునిగి, లోపలి రోలు చుట్టూ తిరిగి, నిటారుగా పైకి లేస్తుంది. రాత్రిపూట మొదటిసారి చూసినప్పుడు నాకది తొట్టిలో నుంచి వెన్నెల పైకి ప్రవహిస్తున్నట్టు తోచింది. (కవిత్వం అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, క్షమించాలి.)

పైకి లేచే రేకు తనతో బోలెడంత జింకును లాక్కొని వస్తుంది. అవసరమైనంత ఉంచి మిగిలినది వెనక్కు దించడానికి తొట్టికి కొంచెం పైన, రేకుకు ఆ వైపొకటి ఈ వైపొకటి రెండు సన్నని మూతులు ఉంటాయి. మూతి సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అందులో నుంచి గాలి కానీ నైట్రోజన్ కానీ పలకలాగా జోరుగా తగిలి అదనపు జింకును గీకేస్తుంది. దీన్నే ఎయిర్ నైఫ్ అంటారు, గాలి కత్తి. దోసె పెనం మీద గరిటెతో పిండిని సర్దినట్టే, గరిటె మాత్రం తగలదు.

పూత మందం ముఖ్యంగా మూడింటి మీద ఆధారపడుతుంది. లైను వేగం పెరిగితే పూత పెరుగుతుంది. గాలి పీడనం పెరిగితే తగ్గుతుంది. కత్తిని రేకుకు దూరం జరిపితే పెరుగుతుంది. స్థూలంగా చెప్పాలంటే వేగం నాలుగింతలైతే పూత రెండింతలు, పీడనం నాలుగింతలైతే పూత సగం. దీనికి తోడు రేకు అదురుతుంది. లోపలి రోలు మీద వంగి వచ్చినందువల్ల అడ్డంగా దొప్ప తిరుగుతుంది. అప్పుడు నడుమ ఒక కత్తికి దగ్గరగా, అంచులు రెండో కత్తికి దగ్గరగా పోతాయి. కత్తి ఒక పక్కకు వెంట్రుకవాసి ఒరిగినా ఆ అంచున పూత పలచబడుతుంది.

పోనీ, భయం లేకుండా కాస్త ఎక్కువే పూసేద్దామంటారా? లెక్క చూడండి. నిమిషానికి 120 మీటర్ల వేగంతో 1.2 మీటర్ల వెడల్పు రేకు పోతున్నప్పుడు చదరపు మీటరుకు పది గ్రాములు అదనంగా పోయిందంటే గంటకు 86 కిలోలు, రోజుకు రెండు టన్నుల జింకు ఉత్తపుణ్యానికి పోయినట్టు. అందుచేత పైవాళ్ళ కన్ను ఎప్పుడూ ఎక్కువ మీదనే ఉంటుంది. తక్కువైతే తెలిసేది ఏడేళ్ళ తరువాత ఎక్కడో ఒక పల్లెలో. ఎక్కువైతే తెలిసేది ఆ నెలాఖరుకే.

నన్ను కత్తి దగ్గర కూర్చోబెట్టిన తొలి రాత్రి జరిగినది చెబుతాను. పూత ఎంత పడిందో చెప్పే ఎక్స్‌రే గేజ్ కత్తి పక్కన ఉండేది కాదు. రేకు పైకి పోయి, చల్లబడి, మళ్ళీ కిందికి దిగి వచ్చిన తరువాత, సుమారు 120 మీటర్ల అవతల ఉండేది. అంటే కత్తి దగ్గర జరిగినది తెర మీద కనబడడానికి ఒక నిమిషం పడుతుంది. నాకిది తెలియక కాదు, పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తెర మీద 290 కనబడింది. పీడనం కొంచెం పెంచాను. అంకె కదల్లేదు. ఇంకొంచెం పెంచాను. కదల్లేదు. ఇంకొంచెం. నిమిషం తిరిగేసరికి 250కి పడిపోయింది. గాబరాగా తగ్గించాను. అదీ వెంటనే కదల్లేదు, మరీ తగ్గించాను. ఈసారి 320. అరగంటలో నేను చేసిన రేకు మీద సముద్రపు అలలు లేచాయి.

అప్పుడు ఒక చెయ్యి వచ్చి నా చేతిని మీట మీద నుంచి నెమ్మదిగా తీసింది. ఆయన మా లైనులో పాత ఆపరేటరు. పులివెందుల దగ్గర పల్లె ఆయనది. బోర్లు ఎండి చీనీ తోట కొట్టేసుకున్న తరువాత ఊరు విడిచి ఈ పనికి వచ్చినవాడు. మన మాట వినబడితే చాలు, ప్రాణం లేచి వచ్చేది ఇద్దరికీ.

“అబ్బీ, నువ్వెప్పుడన్నా మడవ తిప్పినావా?” అన్నాడు.

“తిప్పినానన్నా, చిన్నప్పుడు.”

“మడవ తిప్పినాక నీళ్ళు కొసకు పోయేదాకా యేం జేస్తావు?”

“నిలబడతాను.”

“ఈడా నిలబడు. కొసన తడి కనపల్యా అని మళ్ళా మళ్ళా తిప్పితే ఒక సాలు మునుగుతాది, ఇంకో సాలు ఎండుతాది. నువ్విప్పుడు సూస్తాండేది ఇప్పటిది గాదు. నిమిషం కిందట నువ్వు జేసింది.”

మరి లైను వేగం మారినప్పుడు కూడా నిమిషం కాచుకోవాలా అని అడిగాను. “ఆ మాట యెవురన్నారు? బోరు ఎక్కువ పోస్తాందని కండ్లతో సూసినాక, కొసన గట్టు తెగేదాకా కూసుంటావా? యేగం మారితే అప్పుడే పీడనం మార్చు. అది నీకు ముందే తెలిసిన లెక్క. తెలియందాన్ని మాత్రం తెర సెప్పేదాకా ఉండు” అన్నాడు.

మన లెక్చరర్లకు ఇందులో కొత్త ఏమీ కనబడదు. మొదటిది డెడ్ టైమ్, రెండోది ఫీడ్‌ఫార్వర్డ్. ఇట్లా ఆలస్యంగా కనబడే వ్యవస్థలను ఎట్లా నడపాలో స్మిత్ అనే ఆయన 1957లోనే ఒక పద్ధతి చెప్పాడు: నువ్వు చేసిన మార్పు ఫలితం ఇంకా దారిలో ఉందని గుర్తు పెట్టుకునే నమూనా ఒకటి లోపల ఉంచుకోమని. ఇప్పటి లైన్లలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. గేజ్‌ను కత్తికి దగ్గరగా పెట్టే ఏర్పాట్లూ వచ్చాయి. కానీ నాకు ఆ పాఠం అర్థమైనది మాత్రం పులివెందుల చీనీ తోట మడవల్లోనే.

ఇంతవరకూ వ్రాసినది ఎవరైనా వ్రాయగలరు. ఇక మీదటిది వ్రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2015లో ఒక రాత్రి. షిఫ్టు పూర్తి కావడానికి గంట ఉంది. ఒక కాయిల్ కొస నుంచి పద్ధతి ప్రకారం మూడు ముక్కలు కోశారు. ఆ అంచు నుంచి ఒకటి, నడుమ ఒకటి, ఈ అంచు నుంచి ఒకటి. గేజ్ ఏమి చెప్పినా చివరి తీర్పు ఈ ముక్కలదే. ఆసిడ్‌లో వేసి, ముందూ వెనకా తూచి చూడడమే. మామ అంగట్లో నేను చేయించిన పరీక్షే. ల్యాబు కుర్రవాడు చీటీ తెచ్చాడు. 226, 290, 312. సగటు 276. సగటు 275 దాటింది, సరే. కానీ ఆ ఆర్డరుకు ఏ ఒక్క ముక్కా 235కు తగ్గకూడదు. కత్తి ఒక పక్కకు ఒరిగింది, ఆ అంచు పలచబడింది. నిబంధన ప్రకారం కాయిల్‌ను పక్కన పెట్టి, తక్కువ రకం కింద వ్రాయాలి.

పైనున్నాయన చీటీ చూసి, “సగటు వచ్చింది కదా, ఇంకేం? లారీ నిలబడి ఉంది. ఇంకొక ముక్క కాస్త లోపలికి జరిపి కోయించు” అన్నాడు. కాస్త లోపలికి జరిపి కోశారు. 241 వచ్చింది. పాత చీటీ ఆయన జేబులోకి పోయింది. కొత్త చీటీ నా ముందుకు వచ్చింది.

నేను సంతకం పెట్టాను.

పెట్టకపోతే ఉద్యోగం పోయేదని చెప్పను, బహుశా పోయేది కాదు. ఆయన కోప్పడేవాడు, అంతే. నిద్ర వస్తోంది, ఉద్యోగం కొత్త, 226కూ 235కూ తేడా తొమ్మిది గ్రాములే కదా అని మనసు సర్ది చెప్పింది. కాయిల్ బరువు పది టన్నులు. అర మిల్లీమీటరు రేకుగా దాదాపు రెండు కిలోమీటర్లు. మూడు మీటర్ల ముక్కలుగా కోస్తే ఆరువందల పైచిలుకు కప్పు రేకులు. ఇవన్నీ నేను లెక్క వేసుకున్నది లారీ గేటు దాటి పోయిన తరువాత, బస్సులో గదికి పోతూ.

గదిలో నిద్ర పట్టలేదు. మేనత్త ఇంటి నేల మీద పడ్డ ఎండ బిళ్ళలే కళ్ళ ముందు ఆడాయి. అప్పుడు అర్థమైంది, మామ మాటకు నాకెందుకు సిగ్గేసిందో. రేకుకు గీటురాయి లేదన్నాడు ఆయన. కొనేవాళ్ళకు లేదు నిజమే. ఆ గీటురాయి ఉన్నది నా చదువు చదివినవాళ్ళ చేతిలో, వాళ్ళు పెట్టే సంతకంలో. 275 బదులు 80 అంటగట్టినవాడిని నేను దొంగ అనుకున్నాను. ఆ 80 గ్రాముల చీటీ మీద కూడా ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు నిద్రకళ్ళతో చూసీచూడనట్టు వదిలేసి ఉంటాడన్న సంగతి అంతవరకూ నాకు తట్టలేదు.

సాయంకాలం పెద్దాయనకు చెప్పాను. ఏదో ఒక ఓదార్పు మాట అంటాడని నా ఆశ. ఆయన కాసేపు బీడీ వెలిగించుకొని, “నీళ్ళు ముందుకు పోయినాయబ్బీ. ఇప్పుడు మడవ తిప్పి లాభంల్యా. రేపటి మడవ సూసుకో” అన్నాడు.

ఆ రాత్రి షిఫ్టు పుస్తకంలో ముందు రోజు తారీఖు కింద రెండు అంకెలూ వ్రాశాను: మొదటి ముక్క 226, తరువాత కోసినది 241, కత్తి ఒరిగి ఉంది, సరి చెయ్యాలి. పేరు వ్రాసి సంతకం చేశాను. కాయిల్ వెనక్కు రాలేదు. నన్ను మాత్రం కొన్నాళ్ళు ప్యాకింగుకు పంపారు. అయితే కత్తిని దించి, కొలిచి, నిలువు సరిచేశారు. పుస్తకంలో ఎక్కిన తరువాత సరిచెయ్యక తప్పదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా షిఫ్టులో మొదటి చీటీ చిరిగిపోలేదు. రెండోసారి కోయవలసి వస్తే రెండూ పుస్తకంలో ఎక్కుతాయి. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ ఆరువందల రేకులు ఎక్కడ ఎవరి ఇంటి మీద ఉన్నాయో నాకు తెలియదు. ఆ లెక్క తేలవలసిన ఏడాది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నా డెడ్ టైమ్ ఇంకా నడుస్తూనే ఉంది.

2016లో మేనత్తకు కొత్త రేకులు వేయించాను. ఈసారి రేకు మీద రకం అచ్చువేసి ఉంది. అయినా అయిదు సెంటీమీటర్ల ముక్క ఒకటి కోసి ప్రొద్దుటూరుకు తీసుకుపోయాను. మామ అప్పటికి అంగడి మానేశాడు, అయినా నా కోసం వచ్చి పాత త్రాసు ముందు కూర్చున్నాడు. తేడా 0.69 గ్రాము. నాలుగు వందలతో హెచ్చిస్తే 276. మామ చీటీని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

“ఈసారి ఎన్నేండ్లు ఉంటాయి రా?” అని అడిగింది మేనత్త.

“పొయ్యి పొగకు బయట గొట్టం పెట్టిచ్చినా కదత్తా, పాతికేండ్లకు ఢోకా లేదు” అన్నాను.

“అన్నేండ్లు నేనుండొద్దూ!” అని నవ్వింది. ఆసిడ్‌లో జింకు పోగొట్టుకున్న ముక్కను ఆమె పారేయనివ్వలేదు. కిటికీ గూట్లో పెట్టింది. ఒక్క వానాకాలానికే అది ఇటుకలాగా ఎర్రబడింది. దాని పైనే కప్పు ఇప్పటికీ తెల్లగా ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఆమె ఆ ముక్కను చూపించి, పైకి చూడమంటుంది. నా చదువు మొత్తానికి ఇంతకంటే మంచి ఉపన్యాసం నేనెక్కడా వినలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ ఎప్పుడు వచ్చినా, అందులో మొదట కూర్చోవలసింది మీరే కావాలని నా కోరిక. అంతవరకు ఒక చిన్న పని చేయండి. ఈసారి సెలవులకు మీ ఊరికి పోయినప్పుడు రేకుల కొట్టం వేసిన ఇంట్లో మిగిలిన ముక్క ఒకటి అడిగి తీసుకురండి. అయిదు సెంటీమీటర్ల చదరం కోయండి. మీ లెక్చరరుగారి ఎదుట, అద్దాలూ చేతితొడుగులూ వేసుకొని, ల్యాబులో ఆసిడ్ పరీక్ష చేయండి. ముందు తూకం, వెనక తూకం, తేడాను నాలుగు వందలతో హెచ్చించడం, అంతే. వచ్చిన అంకెను కాగితం మీద వ్రాసి, ఆ ముక్క ఇచ్చినవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళకు ఆ కాగితం ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు.